తప్పు నాదేలేమ్మా!

సంక్రాంతి వెళ్ళిన రెండో వారంలో గుడిబండకు బయల్దేరాను. మా మేనత్త ఉండేది అక్కడే. హిందూపురం నుంచి మడకశిర దాకా ఎలాగో వెళ్ళొచ్చు గానీ, ఆ పైన బస్సు వేళ చూసుకోవాలి. ఎందుకొచ్చిన తంటా, కారుంది కదా అని నేనే నడుపుకుంటూ వెళ్ళాను. నాది నలభై దాటాక నేర్చుకున్న డ్రైవింగ్. కొత్త కోడలు అత్తగారింట్లో మొదటిసారి వంట చేసినట్టు, మొదట్లో భయం భయంగా నడిపేదాన్ని. ఆరు నెలలు గడిచేసరికి ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం కాస్త ముదిరిందని కూడా ఆ రోజే తెలిసింది.

పొద్దు గూకే వేళ. ఊరు ఇంకో రెండు కిలోమీటర్లుందనగా దారి ఖాళీగా కనిపించింది. దారి ఖాళీగా ఉంటే కాలు ఊరుకోదు కదా! ముల్లు అరవై దగ్గర ఆడుతోంది. రోడ్డుకు ఎడమ పక్క సగం దాకా ఎవరో రాగి కంకులు పరిచారు. బండ్ల చక్రాల కింద పడితే గింజ రాలుతుందని మా సీమలో చాలాచోట్ల అలా పరుస్తారు. ఆ కంకులను తప్పించుకుంటూ, నెత్తిన గడ్డిమోపుతో ఒక అవ్వ రోడ్డు మధ్యకు వచ్చి నడుస్తోంది. ఆమె వీపు నావైపు ఉంది. గడ్డి భుజాల దాకా వేలాడుతోంది. వెనక్కి తిరిగి చూడాలన్నా ఆమెకు వీల్లేదు.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. బ్రేకు మీద కాలు వేయడానికి ముందు హారన్ మీద చెయ్యి వేశాను. ఆ మోతకు అవ్వ ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి, రెండడుగులు ముందుకు వేసింది. అప్పుడు తొక్కాను బ్రేకు. కారు ఈడ్చుకుంటూ పోయి ఆమెకు రెండు బారల దూరంలో ఆగింది. గడ్డిమోపు కింద పడింది. అవ్వ మాత్రం నిలబడే ఉంది.

నేను పరుగున దిగాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాల్సిందే. అవ్వ నా మొహం చూసి, "బెదురుకోవద్దులేమ్మా. తప్పు నాదేలే. చెవులు సరింగా ఇనపడవు. నీ దావకు అడ్డమొచ్చినాను" అంది.

మోపు ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను. చెంగు సర్దుకుని, ఏమీ జరగనట్టే వెళ్ళిపోయింది. నా చేతుల వణుకు మాత్రం అయిదు నిమిషాలకు గానీ తగ్గలేదు.

ఇంటికి వెళ్ళి అత్తకు చెప్పాను. "అంతా అయ్యాక తప్పు తనదే అంది అత్తా! నన్నొక్క మాట అనలేదు" అన్నాను.

అత్త కాఫీ గ్లాసు చేతికిస్తూ, "ఇంకేమంటుంది పాపా? కారున్నోళ్ళతో కొట్లాడేదా ఆయమ్మ?" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తగలలేదన్న ఊరట ఉంది. కానీ అవ్వ మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. 'నీ దావకు అడ్డమొచ్చినాను' అంది కదా, ఆ దావ నాదెప్పుడైంది? నడిచే మనిషి తప్పుచేసిన దానిలా మాట్లాడటం, బండిలో ఉన్న మనిషి క్షమించే స్థానంలో ఉండటం ఎప్పుడు మొదలైంది? ఇంటికొచ్చాక చరిత్ర పుస్తకాలు ముందేసుకు కూర్చున్నాను. తెలిసిన సంగతులు మీతో చెప్పుకోకుండా ఉండలేకపోతున్నాను.

మొదట మన సీమ సంగతే చూద్దాం. గుత్తికి దగ్గరలో, కర్నూలు జిల్లాలో ఎర్రగుడి అని ఒక ఊరుంది. అక్కడి గుట్ట మీద బండలపైన అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దం నాటివి. పధ్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడ ఉన్నాయి. వాటిలో రెండో శాసనం దారుల ప్రస్తావన చేస్తుంది. దారుల వెంట మనుషుల కోసం, పశువుల కోసం బావులు తవ్వించాననీ, చెట్లు నాటించాననీ రాజు చెప్పుకున్నాడు. అంత పెద్ద సామ్రాజ్యాన్ని ఏలిన చక్రవర్తి గొప్పగా చెప్పుకోదగ్గ పనుల్లో, నడిచేవాళ్ళకు నీడా నీళ్ళూ ఇవ్వడం కూడా ఒకటన్నమాట. రాజుకు రథాలున్నాయి, ఏనుగులున్నాయి. అయినా దారి అనగానే ఆయనకు గుర్తొచ్చినది ఎండలో నడిచే మనిషీ, మనిషి వెంట నడిచే పశువూ.

ఆ తర్వాత వచ్చిన రాజులూ, ఊరి పెద్దలూ, పుణ్యం కోరుకున్న ఆడవాళ్ళూ అదే పద్ధతి సాగించారు. సత్రాలు కట్టించారు, చలివేంద్రాలు పెట్టించారు, చింతచెట్లూ మర్రిచెట్లూ నాటించారు. దక్షిణాదిలో పాత దారుల పక్కన ఇప్పటికీ అక్కడక్కడా ఒక వింత కట్టడం కనిపిస్తుంది. రెండు నిలువు రాళ్ళు పాతి, వాటిమీద మనిషి తలెత్తున అడ్డంగా ఒక బండ పరిచి ఉంటుంది. గుడి కాదు, గుమ్మం కాదు. నెత్తిన బరువుతో వచ్చేవాళ్ళు ఇంకొకరి సాయం లేకుండా మోపు దించుకుని, సేద తీరాక మళ్ళీ నెత్తిన పెట్టుకోవడానికి చేసిన ఏర్పాటు అది. ఎవరు ఆలోచించారో గానీ, మోపు మోసిన మెడ నొప్పి తెలిసినవాళ్ళే అయి ఉంటారు. గడ్డిమోపుతో నడిచే మా అవ్వలాంటి వాళ్ళను మనసులో పెట్టుకుని దారి వేసిన కాలం ఒకటి ఉండేదన్నమాట.

ఇక రోడ్లు వేసిన చేతులెవరివో చూద్దాం. 1876లో వచ్చిన ధాత కరువు గురించి పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. 1878 దాకా మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మడకశిర అన్నీ బళ్ళారి జిల్లాలోనే ఉండేవి. 1882లో గానీ అనంతపురం వేరు జిల్లా కాలేదు. కరువు దెబ్బ బాగా తిన్న ప్రాంతాల్లో మనదొకటి. ఆకలితో ఉన్నవాళ్ళకు ఊరికే తిండి పెట్టకూడదు, పని చేయించి కూలి ఇవ్వాలన్నది నాటి ప్రభుత్వ నియమం. ఆ పనుల్లో ముఖ్యమైనవి రాళ్ళు కొట్టడం, మట్టి మోయడం, రోడ్లు వేయడం. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి ఖర్చు మరీ ఎక్కువవుతోందని కూలి తగ్గించాడు. రోజంతా పని చేసిన మనిషికి ఒక పౌను ధాన్యం, ఆ పైన కాస్త చిల్లర. పౌనంటే మన లెక్కలో అరకిలో కూడా కాదు. డాక్టర్ కార్నిష్ అనే ఆరోగ్యాధికారి ఆ తిండితో మనిషి పని చేయలేడని వాదించాడు. అది చాలనట్టు, పని నిజంగా కావాలనుకున్నవాళ్ళే రావాలని ఇంటికి పది మైళ్ళ లోపల పని ఇవ్వకూడదన్న షరతు ఒకటి. పస్తులున్న తల్లి చంకలో బిడ్డతో పది మైళ్ళు నడిచి వెళ్ళి, తట్ట పట్టుకుని రోడ్డుకు మట్టి మోయాలి. సీమలో పాత రోడ్ల కింద ఆ తట్టల మట్టి ఎంత ఉందో ఎవరు కొలవగలరు?

ఆ తర్వాత కూడా మన ప్రాంతంలో కరువు రావడం, కరువు పని పెట్టడం, ఆ పనిలో రోడ్లు వేయడం ఆనవాయితీ అయింది. 'కరువు పని' అన్న మాట ఇక్కడ ఏ ఇంట అడిగినా తెలుస్తుంది. రోడ్డుకు రూపం ఇచ్చింది కాలినడకన వచ్చిన కూలీలు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. మోటారు బండి తర్వాతెప్పుడో వచ్చింది.

అది వచ్చిన తీరు కూడా చెప్పాలి. ఇంగ్లండులో 1865లో ఒక చట్టం చేశారు. రోడ్డు మీద ఆవిరి బండి నడిపితే, దానికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. బండి వేగం ఊళ్ళో గంటకు 2 మైళ్ళు, ఊరి బయట 4 మైళ్ళు దాటకూడదు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. మా అబ్బాయి అయితే, "అంతకంటే దిగి నడవొచ్చు కదమ్మా" అన్నాడు. కానీ ఆ చట్టం వెనుక ఉన్న ఆలోచన నవ్వదగ్గది కాదు. దారి నడిచేవాళ్ళది. ప్రమాదం తెచ్చేది బండి. కాబట్టి జాగ్రత్త చెప్పుకుంటూ రావలసినది బండివాడే. ఆ ఎర్రజెండా అర్థం అదే.

రానురాను జెండా పోయింది. 1896లో ఆ కట్టుబాట్లన్నీ సడలించే కొత్త చట్టం ఇంగ్లండులో సిద్ధమవుతోంది. సరిగ్గా ఆ సంవత్సరం ఆగస్టు 17న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర బ్రిజెట్ డ్రిస్కోల్ అనే ఆవిడ కూతురిని వెంటబెట్టుకుని వేడుకలు చూడటానికి వచ్చింది. అక్కడ కొత్త మోటారు కార్లను జనానికి చూపించడానికి తిప్పుతున్నారు. వాటిలో ఒకటి ఆమె మీదికి వచ్చింది. ఎటు పోవాలో తెలియక ఆమె నిలబడిపోయింది. కారు గుద్ది చనిపోయింది. ఆ దేశంలో మోటారు కారు కింద పడి చనిపోయిన మొదటి పాదచారి ఆవిడే. కారు వేగం గంటకు 4 మైళ్ళేనని నడిపినవాడు చెప్పాడు. విచారణలో అది ప్రమాదవశాత్తు జరిగిన మరణమని తేల్చారు. ఎవరికీ శిక్ష లేదు. ఇలాంటిది మళ్ళీ జరగకూడదని విచారణాధికారి ఆశపడ్డాడట.

ఆమె వయసు 44. ఇంచుమించు నా ఈడు. కూతురి చెయ్యి పట్టుకుని తిరునాళ్ళకు పోయినట్టు పోయిన ఇల్లాలు. జన్మలో కారు చూసి ఉండదు. అది ఎంత త్వరగా వస్తుందో, ఎటు తిరుగుతుందో ఆమెకు ఎవరు చెప్పారు? ఆ పేరాలు చదువుతుంటే, హారన్ మోతకు ఒకడుగు వెనక్కి, రెండడుగులు ముందుకు వేసిన మా అవ్వే నా కళ్ళముందు నిలిచింది. ఆ ఆగస్టులో ఆమె పోయింది. ఆ నవంబరులో కొత్త చట్టం అమల్లోకి వచ్చి, కార్ల వేగం గంటకు 14 మైళ్ళ దాకా పెంచుకోనిచ్చారు.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది. 1920ల నాటికి అక్కడి పట్టణాల్లో కార్లు పుట్టగొడుగుల్లా పెరిగాయి. వీధి అంటే అప్పటిదాకా పిల్లలు ఆడుకునే చోటు, బండ్లవాళ్ళు కూరలమ్మే చోటు, ఆడవాళ్ళు నిలబడి మాట్లాడుకునే చోటు. మన వీధులకు మల్లేనే. అలాంటి వీధుల్లో వందలకొద్దీ పిల్లలు కార్ల కింద పడి పోతుంటే జనానికి కడుపు మండింది. 1923లో సిన్సినాటి నగరంలో నలభై రెండు వేలమంది సంతకాలు చేసి ఒక కోరిక కోరారు. కారు గంటకు 25 మైళ్ళు దాటకుండా ప్రతి కారులోనూ ఒక యంత్రం బిగించాలని. కార్ల వ్యాపారులు ఉలిక్కిపడ్డారు. వేగమే పోతే కారు ఎవరు కొంటారు? బోలెడు ఖర్చుపెట్టి వ్యతిరేక ప్రచారం చేశారు. ఓటింగులో ఆ కోరిక వీగిపోయింది.

అప్పటి నుంచి వాళ్ళు ఎత్తు మార్చారు. తప్పు కారుది కాదు, నడిచేవాళ్ళదే అని చెప్పడం మొదలుపెట్టారు. అందుకు ఒక మాట బాగా పనికొచ్చింది. 'జే' అంటే అప్పటి అమెరికా వాడుకలో నాగరికత తెలియని పల్లెటూరి బైతు. రోడ్డు మీద ఇష్టం వచ్చిన చోట దాటేవాణ్ణి 'జే వాకర్' అన్నారు. అంటే నడవడం రాని బైతు అని. పత్రికల్లో బొమ్మలు వేసి ఎగతాళి చేశారు, బడిపిల్లలకు పాఠాలు చెప్పించారు. 1925లో లాస్ ఏంజెలిస్ నగరం నడిచేవాళ్ళు ఎక్కడ దాటాలో ఎక్కడ దాటకూడదో కట్టడి చేస్తూ నిబంధనలు తెచ్చింది. మిగతా ఊళ్ళు ఆ దారి పట్టాయి. పదేళ్ళు తిరిగేసరికి వీధి చేతులు మారింది. నిన్నటిదాకా వీధిలో హక్కుగా నడిచిన మనిషి, ఇవాళ సిగ్గుపడుతూ దాటాల్సి వచ్చింది.

చూశారా! 'తప్పు నాదేలే' అన్న మాట అవ్వ నోట ఊరికే రాలేదు. ప్రపంచంలో ఎక్కడో పుట్టిన ఒక ఎగతాళి, బండ్లతో పాటు ఊరూరూ తిరిగి, చివరికి గుడిబండ పొలిమేరకు కూడా చేరింది.

అందరూ ఆ దారినే పోలేదు లెండి. ఇంగ్లండులో 1934లో హోర్ బెలీషా అనే రవాణా మంత్రి, నడిచేవాళ్ళు దాటే చోట్ల పసుపు గోళాలున్న స్తంభాలు నాటించాడు. 1951లో వాటి దగ్గర నలుపు తెలుపు చారలు గీసి జీబ్రా క్రాసింగులు చేశారు. చార మీద మనిషి కాలు పెడితే బండి ఆగాల్సిందే. మన దేశంలో మోటారు వాహనాల చట్టాలు 1914లో, 1939లో, 1988లో వచ్చాయి. 1989 నాటి నిబంధనల్లోనూ, వాటి బదులు 2017లో వచ్చిన వాటిలోనూ జీబ్రా చారల దగ్గర ముందు హక్కు నడిచేవాళ్ళదే. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనంది.

కాగితం మీద ఇంత ఉంది. రోడ్డు మీద ఎంత ఉందో చెప్పడానికి ఒక్క అంకె చాలు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది. ఇది కేంద్ర ప్రభుత్వం వారి లెక్కే. రోజుకు తొంభై మంది! పేపర్లో ఒక మూల, 'గుర్తు తెలియని వాహనం ఢీకొని వృద్ధురాలి మృతి' అని నాలుగు లైన్లు చదివి పేజీ తిప్పేస్తాం. ఎన్నిసార్లు తిప్పానో నేను!

పల్లెల్లో ఫుట్‌పాత్ ఎక్కడిది, జీబ్రా చారలెక్కడివి అంటారు. నిజమే. పెనుకొండ మీదుగా పోయే బెంగుళూరు హైవేనే తీసుకోండి. పాత లెక్కలో 7వ నెంబరు, ఇప్పుడు 44. దానికి ఇటు ఇల్లు, అటు చేను ఉన్నవాళ్ళు ఎందరో. గుడిబండ లాంటి చోట రోడ్డే బస్టాండు, రోడ్డే సంత, రోడ్డే కళ్ళం. కన్నడం, తెలుగు కలగలిసిన ఊళ్ళు, వక్కతోటలు, మల్బరీ చేలు, వాటి మధ్య నుంచి సన్నటి రోడ్డు. తారు అంచు దాటితే కంపచెట్లు. నడిచేవాళ్ళు ఇంకెక్కడ నడవాలి? అందుకే అక్కడ చట్టం కంటే ముందు, స్టీరింగ్ పట్టిన చేతికి బుద్ధి ఉండాలి.

ఆ బుద్ధి నాకు ఒక చిన్న లెక్కతో వచ్చింది. మా అబ్బాయి కాగితం మీద వేసి చూపించాడు. ముందు మనిషిని చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికి ఒక సెకండు పడుతుందనుకోండి. ఆ ఒక్క సెకండులో, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 11 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక ఇంకో తొమ్మిది, పది. మొత్తం 20 మీటర్లలో ఆగుతుంది. అదే 60లో పోతుంటే దాదాపు 38 మీటర్లు కావాలి. వేగం ఒకటిన్నర రెట్లయితే ఆగే దూరం రెండింతలకు దగ్గరవుతుంది. అంతకంటే ఒళ్ళు జలదరించే సంగతి ఇంకోటుంది. 40లో వచ్చిన కారు పూర్తిగా ఆగిపోయే చోటికి, 60లో వచ్చిన కారు చేరేసరికి దాని వేగం ఇంకా 50 పైనే ఉంటుంది! నున్నటి పొడి రోడ్డు మీది లెక్క ఇది. రాగి కంకుల మీదో, ఉలవ పొట్టు మీదో బ్రేకు వేస్తే ఇంకెంత దూరం జారుతుందో దేవుడికే ఎరుక. 2020లో స్టాక్‌హోంలో ప్రపంచ దేశాల మంత్రులు కూడి, మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని పిలుపునిచ్చారు. ఆ వేగంలో తగిలినా మనిషి బతికే అవకాశమే ఎక్కువట.

కారో స్కూటరో నడిపే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. ఊరు కనిపించగానే వేగం తగ్గించండి. ఊరు వచ్చాక కాదు, కనిపించగానే. హారన్ బ్రేకు కాదని నేను తెలుసుకున్నాను, మీరూ తెలుసుకోండి. ముసలివాళ్ళను, చిన్నపిల్లలను హారన్ బెదరగొడుతుంది. బెదిరిన మనిషి ఎటు అడుగేస్తుందో ఆమెకే తెలియదు. ఆగి ఉన్న బస్సు పక్క నుంచి దూసుకుపోకండి. దాని ముందు నుంచి ఒక పిల్ల పరుగెత్తుకు వస్తుందనే అనుకోండి. రాత్రిపూట ఎదురుగా మనిషి కనిపిస్తే లైట్లు దించండి. ఆ వెలుగులో వాళ్ళకు కళ్ళు బైర్లు కమ్ముతాయి.

నడిచే మనం కూడా కొన్ని గుర్తుంచుకోవాలి. తప్పు మనదని కాదు, ప్రాణం మనది కనుక. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడిపక్కన నడిస్తే ఎదురొచ్చే బండి మనకు కనిపిస్తుంది. ఎడమపక్కన నడిస్తే అది వెనక నుంచి వస్తుంది. మా అవ్వకు జరిగింది అదే. బస్సు దిగాక దాని ముందు నుంచి దాటకండి. అది కదిలిపోయాక రోడ్డు రెండువైపులా చూసి దాటితే ఒక్క నిమిషం ఆలస్యం అవుతుంది, అంతే. చీకటిపడ్డాక వెళ్ళాల్సి వస్తే ముదురు రంగు చీర మీద తెల్లటి తువ్వాలైనా కప్పుకోండి, చేతిలో ఫోన్ ఉంటే దాని లైటు వేసుకోండి. పిల్లలను వేళ్ళు పట్టుకుని కాదు, మణికట్టు పట్టుకుని, రోడ్డుకు దూరంగా ఉండే వైపు నడిపించండి. కంకులు రోడ్డు మీద పరిచే రైతన్నలతో చెప్పేదీ ఒకటుంది. కళ్ళం లేని కష్టం నాకు తెలుసు. కానీ మీరు మూసిన సగం రోడ్డు, నడిచే మీ ఇంటి మనిషి నడవాల్సిన సగమే.

ఇంకొక్క సంగతి. ప్రమాదం జరిగితే పోలీసులు, సాక్ష్యాలు అని భయపడి జనం తప్పుకుపోతుంటారు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో చట్ట సవరణ ఆ భయానికి ఆస్కారం లేకుండా చేశాయి. గాయపడిన మనిషిని ఆసుపత్రికి చేర్చినవాళ్ళను ఇష్టం లేకుండా సాక్ష్యానికి పిలవడానికి, పేరు చెప్పమని నిర్బంధించడానికి వీల్లేదు. ఈ మాట మీ ఇంట్లో మగవాళ్ళకు కూడా చెప్పండి.

చరిత్ర వైపు వెళ్ళి, మా అవ్వ సంగతి సగంలో వదిలేశాను. ఆ మర్నాడు పొద్దున అత్తను తోడు తీసుకుని ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. పెద్ద వెతకాల్సిన పని పడలేదు, అత్తకు తెలిసిన ఇల్లే. అవ్వ పెరట్లో ఎనుముకు గడ్డి వేస్తోంది. నన్ను చూసి నవ్వి, నిన్నటి ఊసు ఎత్తకుండా మంచం వాల్చింది. మాటల్లో పడ్డాక రోడ్డు ప్రస్తావన వచ్చింది.

"మేము చిన్నప్పుడు అది మట్టి దావ. వానొస్తే ఎద్దుల బండి దిగబడేది. ఒక కరువులో కరువు పని పెట్టినారు. నాకప్పుడు పెళ్ళైన కొత్త. ఆ మలుపు కాడ్నుంచి చెరువు కట్ట దాకా కంకర మా గుంపే మోసింది. మా అత్త రాయి కొట్టేది, నేను తట్ట మోసేది" అంది.

నిన్న ఆమెను నేను దాదాపు గుద్దేసిన చోటు ఆ మలుపుకు పది గజాలు లేదు.

నాకు కాసేపు మాట పెగల్లేదు. తర్వాత, "అవ్వా, నిన్న తప్పు నీది కాదు, నాది. నేనే తొందరపడి వచ్చాను" అన్నాను.

అవ్వ మా అత్త వైపు తిరిగి, "చూస్తివా, ఎంత మాట అంటుందో ఈ పాప!" అని నవ్వింది. నాకు మాత్రం ఆ నవ్వులో ఏదో తీరిన భావం కనిపించింది. లేచి లోపలికి వెళ్ళి కొంగులో వేరుశనక్కాయలు పట్టుకొచ్చి నా సంచీలో పోసింది. "సర్లే, ఇంకోతూరి నెమ్మదిగా రా. దావ యాడికీ పోదు" అంది.

సాయంత్రం తిరుగు ప్రయాణమయ్యాను. ముల్లు ముప్పై దాటనివ్వలేదు. వెనక వచ్చిన మోటారు సైకిళ్ళన్నీ విసుక్కుంటూ నన్ను దాటుకుపోయాయి. పోనీలే అనుకున్నాను. ఊరి చివర బడి వదిలినట్టున్నారు, సంచులు వీపున వేసుకుని అయిదారుగురు ఆడపిల్లలు రోడ్డు దాటడానికి నిలబడ్డారు. నేను కారు ఆపాను. వాళ్ళు కదల్లేదు. నన్నే వెళ్ళమని చేతులు ఊపారు. నేను తల అడ్డంగా ఊపి, మీరే దాటండి అని సైగ చేశాను. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తమ కోసం కారు ఆగిందంటే నమ్మకం కలగలేదు వాళ్ళకు. చివరికి అందరిలోకీ చిన్నపిల్ల ఒక అడుగు ముందుకేసి, ఆగి, నావైపు ఇంకోసారి చూసి, పరుగు తీసింది. మిగతావాళ్ళు కూడా దాని వెంటే పరుగెత్తారు.

నెమ్మదిగా నడిచే వెళ్ళండర్రా అని కేకేయబోయాను. అద్దాలు వేసి ఉన్నాయి, వాళ్ళకు వినపడలేదు.